మలుపుకు ముందరి భయం

మోటారుసైకిలు నేర్పేవాళ్ళు మన దగ్గర మొట్టమొదట చెప్పే మాట "భయపడకు". ఈ మాటకి నేను ఒప్పుకోను. భయపడాలి. ఎక్కడ భయపడాలో, ఎక్కడ మానెయ్యాలో తెలియడమే మలుపు తిప్పడం నేర్చుకోవడమంటే. మలుపు ఇంకా దూరంలో ఉండగా, బండి నిటారుగా తిన్నటి రోడ్డు మీద పోతుండగా, భయం చెప్పే ప్రతి మాటా వినదగ్గదే. ఆ భయమే బండి వాలిన తర్వాత చేతుల్లోకి దిగితే మనిషిని లోయవైపు తీసుకుపోతుంది.

నాకు ఈ సంగతి పుస్తకం కంటే ముందు ఒక లారీ డ్రైవరు నోట తెలిసింది. నేను పాచిపెంట మండలంలో బడిపంతుల్ని. సాలూరు దాటాక కొండలు మొదలయ్యే ఘాట్ రోడ్డు నేను రోజూ ఎక్కి దిగే దారి. విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం, సాలూరు మీదుగా ఒడిశాలోని సుంకి, కొరాపుట్‌ల వైపు పోయే ఈ రోడ్డుని పాతవాళ్ళు ఇప్పటికీ నలభైమూడో నంబరు అనే అంటారు; నంబర్లు మార్చాక అది 26వ జాతీయ రహదారి అయింది. సాలూరంటే లారీల ఊరు. ఇంట్లో ఒకరైనా స్టీరింగు పట్టని వీధి ఉండదేమో అనిపిస్తుంది. డ్రైవర్లు, క్లీనర్లు, మెకానిక్కులు, బాడీ కట్టే వడ్రంగులు, టైర్ల కొట్లవాళ్ళు - ఆ ఊరి సగం కబుర్లు ఘాట్ గురించే. వయసు మళ్ళి బండి దిగేసిన ఒక డ్రైవరు, టీ కొట్టు దగ్గర నేను బండి ఆపే తీరు చూసి, తనంతట తనే పిలిచి చెప్పాడు: "బావూ, మలుపులోకెల్లాక నువ్వు సేసీదేటీ నేదు. సెయ్యాల్సిందంతా ముందలే సేసెయ్యాల. లోపల ఉత్తినే సూసుకుంటా పోడమే."

ఆయన చెప్పింది పదహారు టన్నుల బరువుతో పోయే బండి గురించి. రెండు చక్రాల బండికి ఆ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

మలుపు మధ్యలో భయం వేస్తే మన ఒళ్ళు ఏం చేస్తుందో గమనించండి. ముందు చెయ్యి యాక్సిలరేటరు ఠక్కున వదిలేస్తుంది. వేళ్ళు ముందు బ్రేకు మీద బిగుస్తాయి. మోచేతులు కర్రల్లా అవుతాయి. చూపు మాత్రం దేన్ని తప్పించుకోవాలో దాని మీదే మేకు కొట్టినట్టు నిలిచిపోతుంది: అంచున ఉన్న రాతి కట్ట, ఎదురొచ్చే బస్సు బంపరు, రోడ్డు మీద గుంట. ఇవన్నీ కాలినడకన పోయేవాడి ప్రాణాన్ని కాపాడే చేష్టలే. అడవి దారిలో పాము కనబడితే ఆగిపోవడం, బిగుసుకోవడం, దాన్నే చూడటం సరైన పని. వేల ఏళ్ళుగా మనకు పనికొచ్చిన ఈ తెలివి వాలిన మోటారుసైకిలు మీద మాత్రం తలకిందులవుతుంది. యాక్సిలరేటరు వదిలితే బరువంతా ముందుకు పడి బండి కుంగుతుంది. బ్రేకు బిగిస్తే బండి నిటారుగా లేచి తిన్నగా పోతుంది, అంటే మలుపు బయటికి. చేతులు బిగిస్తే హ్యాండిలు తిరగదు. చూపు ఎక్కడ నిలిచిందో బండి అక్కడికే వెళ్తుంది. 1980లో అమెరికాలో కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూలు పెట్టిన కీత్ కోడ్ తన రెండో పుస్తకంలో వీటినే జాబితాగా రాసి, ప్రాణం కాపాడుకోవాలన్న తొందరే చోదకుడికి శత్రువని తేల్చాడు. ఖాళీ రోడ్డు మీద ఒక్క మలుపు, ఆ మలుపు బయట ఒకే ఒక్క తాడిచెట్టు ఉంటే, దారితప్పిన బండి సరిగ్గా ఆ చెట్టునే ఎందుకు కొడుతుందని మన ఊళ్ళలో ఆశ్చర్యపోతుంటారు. చెట్టుకేసి చూశాడు కనుక.

కాబట్టి నేర్చుకోవాల్సింది ధైర్యం కాదు. ఒంటికి పుట్టుకతో వచ్చిన నాలుగైదు అలవాట్లని ఒప్పించి పక్కన కూర్చోబెట్టడం. అది మాటలతో జరగదు, చేసి చేసి రావాలి.

మా మేనకోడలికి సీతంపేట ఏజెన్సీలో నర్సు ఉద్యోగం వచ్చినప్పుడు వాళ్ళ నాన్న బండి తనే నడుపుతానంది. పాలకొండ దాటి పైకి వెళ్తే రోడ్డు మెలికలు తిరుగుతుంది. లైసెన్సు ఉంది, ఊళ్ళో బాగానే నడుపుతుంది. కానీ మన లైసెన్సు పరీక్షలో అడిగే మలుపు ఒక్కటే: కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె చుట్టడం. ఆ నడక వేగంలో హ్యాండిలు ఎటు తిప్పితే బండి అటు పోతుంది. పాతిక ముప్ఫై కిలోమీటర్ల వేగం వచ్చాక లెక్క మారుతుంది. ఎడమకు తిరగాలంటే ఎడమ చేతి పిడిని ముందుకు నెట్టాలి. ముందు చక్రం ఒక్క క్షణం కుడివైపు మొగ్గుతుంది, కిందనున్న చక్రాలు కుడికి జరుగుతాయి, పైనున్న బరువు ఎడమకి వాలుతుంది, వాలిన బండి ఎడమకి తిరుగుతుంది. పరీక్ష నెగ్గిన పిల్లకి ఘాట్ మీద కావలసిన మొదటి పాఠం ఆ పరీక్షలో లేనే లేదు.

ఇది మనమందరం తెలియకుండా చేస్తున్న పనే. లేకపోతే సైకిలు కూడా తిరగదు. విమానం కట్టిన రైట్ సోదరులిద్దరిలో పెద్దవాడు విల్బర్ సైకిళ్ళ వ్యాపారి కూడా. ఎడమకు ఎలా తిరుగుతారని ఆయన ఎంతోమంది సైకిలు తొక్కేవాళ్ళని అడిగితే, ఒక్కరు కూడా మొదటిసారికి జరిగేదంతా సరిగ్గా చెప్పలేకపోయారట. తెలియకపోయినా తిరుగుతున్నాం కదా, తెలుసుకుని ఏం లాభమని అనిపించవచ్చు. లాభం ఆపదలో ఉంది. మలుపు అనుకున్నదానికంటే బిగుసుగా ఉందని మధ్యలో తెలిస్తే, తెలియనివాడు లోపలికి తిరగాలన్న ఆత్రంలో హ్యాండిల్నే లోపలికి తిప్పుతాడు. బండి లేచి బయటికి పోతుంది. తెలిసినవాడు లోపలి పిడిని ఇంకొంచెం నెడతాడు, బండి ఇంకొంచెం వాలుతుంది, మలుపు సరిపోతుంది. ఒళ్ళు అటూ ఇటూ వంచి బండిని తిప్పేస్తామనుకునేవాళ్ళ కోసం కీత్ కోడ్ ఒక బండికి కదలని హ్యాండిలు ఒకటి అదనంగా బిగించాడు. దాన్ని పట్టుకుని ఎంత వంగినా బండి కాస్త పక్కకి జరుగుతుందే తప్ప మలుపు తిరగదు.

విజయనగరం చుట్టూ ఇళ్ళు లేచేలోపు ఏళ్ళ తరబడి ఖాళీగా పడివుండే లేఔట్లు చాలా ఉన్నాయి. తారు రోడ్లు, మూల మూలకీ మలుపు, ఎదురు బండి లేదు. మేనకోడలు అక్కడే నేర్చుకుంది. పొద్దున్నే వెళ్ళి ముందు రోడ్డు ఊడ్చేవాళ్ళం, ఇసుక ఉంటుందని. "మావయ్యా, నెడితే పడిపోదా?" అని అడిగింది. "పడదమ్మా. మోకాళ్ళతో ట్యాంకు పట్టుకో, చేతులు వదులుగా ఉంచు. మెల్లగా నెట్టి చూడు, ఏమవుతుందో అదే చెబుతుంది" అన్నాను. నెట్టింది. బండి వాలి తిరిగింది. ఆమె మొహంలో కనిపించింది గర్వం కాదు, ఆశ్చర్యం. ఇన్నేళ్ళూ తన చేతులు చేస్తున్న పనిని మొదటిసారి తనే చూసిన ఆశ్చర్యం. తర్వాత చాలా పొద్దుల పాటు చేసిందంతా అదే: మలుపు ముందు గేరు తగ్గించు, బ్రేకు పని పూర్తి చెయ్యి, తల తిప్పి మలుపు అవతలి చివర చూడు, నెట్టు, యాక్సిలరేటరు సన్నగా తెరిచి అలాగే ఉంచు. ఆ సన్నటి రైజింగు చాలా ముఖ్యం. అది బండి బరువుని వెనక చక్రం మీదికి కాస్త జరిపి, ముందు టైరుకి భారం తగ్గించి, వాలిన బండిని నిలకడగా పట్టుకుంటుంది. రోడ్డుకి ఆనేది ఒక్కో టైరుది అరచెయ్యంత మేరే. ఆ కాస్త పట్టులోంచే తిరగడానికీ బ్రేకుకీ కూడా పంచాలి. బాగా వాలిన బండికి బ్రేకు కోసం మిగిలేది కొద్దిగానే.

వేగం గురించి మన కుర్రాళ్ళకి నేను అంకెలతోనే చెబుతాను, ఎందుకంటే అంకెలు చెప్పినంత గట్టిగా ఏ పెద్దమనిషీ చెప్పలేడు. మన దేశంలో కొండ రోడ్ల హెయిర్‌పిన్ మలుపులకి ఇంజనీర్లు పెట్టుకున్న కనీస కొలత 14 మీటర్ల వ్యాసార్ధం, 20 కిలోమీటర్ల వేగం. ఆ వేగంలో ఆ మలుపు తిరిగే బండి 13 డిగ్రీలు వాలితే చాలు, వెనక కూర్చున్నవాళ్ళకి తెలియనే తెలియదు. 30కి వెళ్తే 27 డిగ్రీలు. 40కి వెళ్తే 42 డిగ్రీలు. మనం నడిపే మామూలు బళ్ళలో చాలావాటికి ఆ లోపే ఫుట్‌రెస్టో సైడు స్టాండో రోడ్డుని గీకుతుంది, ఇంకాస్త వాలితే చక్రాన్ని ఎత్తేస్తుంది. రేసుల్లో 60 డిగ్రీలు దాటి వాలుస్తున్నారంటే ఆ టైర్లు వేరు, ఆ తారు వేరు, అక్కడ ఎదురుగా కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని నడిచొచ్చే తల్లి ఉండదు. వేగం రెట్టింపయితే తిరగడానికి కావలసిన బలం నాలుగింతలవుతుంది. మీటరు మీద ముల్లు కదిలిన దూరం చిన్నది, టైరు మీద పడ్డ బరువు పెద్దది.

అయితే వాలు కంటే ముందు చూపు. ఘాట్ మీద నన్ను అన్నిటికంటే ఎక్కువ కాపాడిన సంగతి ఒకటే. మలుపు వస్తుంటే రోడ్డు ఎడమ అంచూ కుడి అంచూ దూరంగా ఒకచోట కలిసినట్టు కనిపిస్తాయి. ఆ కలిసే చోటే ప్రస్తుతానికి నాకు తెలిసిన ప్రపంచపు చివర. అది నా వైపు దగ్గరకొస్తుంటే మలుపు బిగుసుకుంటోంది, వేగం ఇంకా తగ్గాలి. అది నాతో సమంగా జరుగుతుంటే నా వేగం సరిపోయింది. అది దూరంగా పరిగెడుతుంటే రోడ్డు విప్పుకుంటోంది, బండి లేపుకోవచ్చు. బ్రిటన్‌లో పోలీసు డ్రైవర్లు చదివే 'రోడ్‌క్రాఫ్ట్' అనే పుస్తకం ఈ చూపుకి చాలా చోటిచ్చింది. సూత్రం చిన్నది: కనిపిస్తున్న ఖాళీ రోడ్డులోపల ఆగగలిగిన వేగంలోనే పోవాలి. గంటకి 40 కిలోమీటర్ల వేగంలో, అపాయం చూసి చెయ్యి బ్రేకు మీదికి వెళ్ళే ఒక్క సెకనులోనే 11 మీటర్లు పోతాం. పొడి రోడ్డు మీద ఓ మోస్తరు బ్రేకుతో ఆగడానికి ఇంకో 12, 13 మీటర్లు. అంటే సాలూరు ఘాట్‌లో కొండ అడ్డుపడి పదిహేను మీటర్లే కనిపించే మలుపులో 40 అనేది ధైర్యం కాదు, అవతల ఏమీ లేదని పందెం కాయడం. నా భయాన్ని నేను ఈ పనికే పెట్టాను. మలుపుకు ముందు అది నా చెవిలో ఒకటే ప్రశ్న అడుగుతుంది: అవతల ఆగిపోయిన లారీ ఉంటే? ఆ ప్రశ్నకి నా వేగంతో జవాబు చెప్పేశాక ఇక అది మాట్లాడదు, నా చేతులు ఖాళీ అవుతాయి.

మనం ఎడమ పక్కన నడిచే దేశం కనుక కుడి మలుపు, ఎడమ మలుపు ఒకటి కావు. కుడి మలుపులో చక్రాలు మన వైపే ఉన్నా, వాలిన మనిషి తల మధ్య గీత దాటి ఎదురొచ్చేవాడి దారిలోకి పోతుంది. అందుకే కుడి మలుపుకి ఎడమ అంచుకి జరిగి వెళ్ళాలి. చూపూ ఎక్కువ దొరుకుతుంది. ఎడమ మలుపులో ప్రమాదం వేరే. లోపలికి తొందరపడి తిరిగితే బండి మలుపు చివర్లో బయటికి, సరిగ్గా ఎదురు లారీ ముందుకి, జారుకుంటుంది. కాస్త ఓపిక పట్టి, అవతలి రోడ్డు కనబడ్డాక తిరగాలి. ఇక హెయిర్‌పిన్‌లో పెద్ద లారీ ఎదురైతే మన హక్కుల సంగతి మరిచిపోవాలి. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను వీధి మలుపు తిరిగేటప్పుడు ఆ పొడుగాటి మాను ఎటు ఊగుతుందో తెలిసిన జనం ముందే ఎలా వెనక్కి జరుగుతారో, అలా జరిగి ఆగాలి. ఆ డ్రైవరుకి రోడ్డంతా కావాలి, అడ్డు పడితే ఎక్కే బండిని ఎత్తు మీద ఆపేసినట్టే. ఎక్కే బండికి దిగేవాడు దారివ్వాలన్నది చట్టంలోనూ ఉంది, డ్రైవర్ల మర్యాదలోనూ ఉంది.

మలుపులంటే ఘాట్‌లోనే అనుకుంటారు. ఎస్.కోట నుంచి అనంతగిరి మీదుగా అరకు ఎక్కే రోడ్డుకి ఆదివారం పూట బళ్ళు బారులు తీరతాయి, అక్కడి జాగ్రత్తలు చెప్పేవాళ్ళు బోలెడుమంది. నాకు శ్రీకాకుళం పల్లపు రోడ్లంటేనే ఎక్కువ దిగులు. అక్కడ రోడ్డు చేల గట్లు పట్టుకుని పోతుంది, చెరువు గట్టెక్కి, గట్టు చివర ఒక్కసారి లంబంగా విరుగుతుంది. ముందు చెప్పే బోర్డు ఉండదు, ఉన్నా తుప్ప కమ్మేసి ఉంటుంది. నాగావళి, వంశధారల నుంచి తడి ఇసుక మోసే ట్రాక్టర్లు, లారీలు మలుపులోనే ఒరుగుతాయి కనుక ఇసుక మలుపులోనే కారుతుంది. ఎండాక అది తారు రంగులో కలిసిపోతుంది. నిండుగా డీజిలు కొట్టించుకున్న బండి ట్యాంకు మూతలోంచి తొణికేది కూడా మలుపులోనే. టెక్కలి వైపు గ్రానైటు దిమ్మెల లారీలు వెళ్ళే దారుల్లో రోడ్డంచు నలిగి కంకర లోపలికి వస్తుంది.

పంటల కాలంలో ఇంకో లెక్క. మా వైపు చోళ్ళు, ఉలవలు, నువ్వులు కోసి తెచ్చి రోడ్డు మీదే పరుస్తారు. వచ్చే పోయే బళ్ళ చక్రాల కిందే నూర్పు అయిపోతుంది. కళ్ళం లేని చిన్న రైతుకి తారు రోడ్డే కళ్ళం. తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. కానీ ఎండిన చోడి కంకుల మీద, ఉలవ పొట్టు మీద వాలిన బండి టైరుకి పట్టు ఏమీ ఉండదు. ఈ జిల్లాల్లో మోటారుసైకిలు నడిపేవాడికి పంచాంగం కూడా తెలియాలి: ఏ నెలలో ఏ రోడ్డు మీద ఏం ఆరబోస్తారు, వాన పడ్డ మొదటి గంటలో దుమ్మూ నూనే కలిసి ఏ మలుపు జారుతుంది, సంత రోజు సాయంత్రం ఏ మూల దగ్గర పశువులు రోడ్డు దాటుతాయి. ఇది కూడా మలుపు విద్యే. మలుపు ముందు భయాన్ని పనిలో పెట్టడమంటే ఇలాంటివన్నీ దానికి నేర్పడం.

దిగుడు గురించి ఆ పాత డ్రైవరు ఇంకో మాట చెప్పాడు: "ఎక్కిన గేరే దిగీ గేరు." న్యూట్రల్లో పెట్టి పెట్రోలు మిగుల్చుకుంటూ ఘాట్ దిగే కుర్రాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంజను పట్టి ఉంచని బండికి వేగం ఆపడానికి బ్రేకులే దిక్కు. కిలోమీటర్ల పొడుగునా పట్టుకుంటూ వస్తే డ్రమ్ము వేడెక్కి బ్రేకు పట్టు సడలుతుంది, అదీ ఎక్కడో కింది మలుపులో, బరువు ఎక్కువైన వేళ. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్ళన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. మంచిదే. నిటారుగా ఉన్న బండి చక్రం బిగుసుకోకుండా అది కాపాడుతుంది. కానీ బళ్ళకి మామూలుగా వచ్చే ఏబీఎస్‌కి బండి ఎంత వాలిందో తెలియదు. అది ఉంది కదా అని మలుపులోకి పదిహేను ఎక్కువ పెట్టి వెళ్ళేవాడికి అది ఏమీ చెయ్యలేదు.

మా మేనకోడలు ఇప్పుడు టీకా మందుల డబ్బా వెనక కట్టుకుని సీతంపేట కొండల్లో తిరుగుతుంది. ఆమె వెనక ఒకసారి నేను నా బండి మీద వెళ్ళాను. ఒక్క మలుపులోనూ బ్రేకు లైటు వెలగలేదు. ప్రతి మలుపుకీ ముందు వెలిగింది, ఆరింది, తర్వాత తల తిరిగింది, బండి వాలింది. వేగం పెద్దదేం కాదు. నడిపే మనిషిలో తొందరా లేదు, బిగుసుకోవడమూ లేదు. కుర్రాళ్ళు ఆమెని దాటుకుని పోతారు, రెండు మలుపుల తర్వాత బ్రేకులు కీచుమనిపిస్తూ ఆమె ముందే కనిపిస్తారు. నమ్మకమంటే నాకు అలా కనిపిస్తుంది: బండిలో, టైరులో, రోడ్డులో ఇంకా కొంత మిగిల్చుకున్నానని తెలిసి నడపడం.

రాయ్‌పూర్ నుంచి విశాఖకి దాదాపు 465 కిలోమీటర్ల ఆరు వరుసల కొత్త రహదారి మన సాలూరు వైపు నుంచే వస్తోంది, కొండని సొరంగంతో దాటుకుని. అది తెరుచుకున్నాక పెద్ద లారీలు చాలావరకు దాని మీదికి పోతాయి. సాలూరు ఘాట్ మీద మిగిలేది ఆ కొండల మీద బతికేవాళ్ళు, వాళ్ళ దగ్గరికి వెళ్ళాల్సిన నర్సులు, పంతుళ్ళు, పసుపూ చింతపండూ దింపే చిన్న బళ్ళు. ఆ ఊళ్ళలో అప్పు చేసి బండి కొనుక్కునే పిల్లలు ఏటా పెరుగుతున్నారు. వాళ్ళకి లైసెన్సు ఇచ్చేముందు ఎనిమిది అంకెతో పాటు ఒక్క పూటయినా నిజమైన మలుపు చూపించాలని నా కోరిక. పెద్ద ఖర్చు అక్కర్లేదు. సాలూరులో స్టీరింగు వదిలేసి అరుగు మీద కూర్చున్న డ్రైవర్లు పదుల్లో ఉన్నారు, వాళ్ళకి ఆ రోడ్డు ప్రతి వంపూ నోటికొచ్చు. ఘాట్ మొదట్లో రెండు మూడు మలుపులు పొద్దున్నే ఒక గంట ఆపి, ఊడ్చి, వాళ్ళలో ఇద్దరిని నిలబెట్టి, రవాణా శాఖ ఒక కుర్చీ వేస్తే చాలు. వచ్చే వేసవి సెలవుల్లో మా బడి పెద్ద పిల్లల తల్లిదండ్రులతో కలిసి ఈ అర్జీ పట్టుకుని వెళ్తున్నాం. రాసిపెట్టుకున్నాం కూడా.